వరంగల్ నుంచి టెక్నికల్ డైవింగ్ కోర్సుకు వెళ్లే జట్టు ఏం చేయాలి

వరంగల్‌కు సముద్రం దగ్గరేమీ కాదు. అయినా అండమాన్‌కో, గోవాకో, పుదుచ్చేరికో పోయి స్కూబా నేర్చుకుని వచ్చినవాళ్లు హనుమకొండలో, కరీంనగర్‌లో, గోదావరిఖనిలో అక్కడక్కడా తగులుతున్నారు. వాళ్లలో కొందరికి 18 మీటర్ల లోతుతో ఆగిపోవాలని ఉండదు. ఇద్దరు ముగ్గురు కలిసి టెక్నికల్ కోర్సు చేద్దామనుకుంటారు. అలా అనుకున్న రోజు నుంచి కోర్సు ముగిసేదాకా ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

మామూలు స్కూబాలో ఏదైనా తేడా వస్తే నెమ్మదిగా పైకి వచ్చేయవచ్చు. టెక్నికల్ డైవింగ్‌లో ఆ దారి మూసి ఉంటుంది. ఎక్కువ లోతులో ఎక్కువ సేపు ఉన్నారు కాబట్టి ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోయేదాకా మధ్యలో ఆగుతూ రావాలి. దాన్నే డీకంప్రెషన్ అంటారు. లేదా నెత్తిన గుహ పైకప్పో, మునిగిన ఓడ ఇనుమో ఉంటుంది. సమస్య ఏదైనా నీళ్లలోనే తేల్చుకోవాలి. అందుకే ఈ కోర్సుల్లో ఒక్కో పనినీ ఉన్నచోటు నుంచి కదలకుండా, జట్టులో వాళ్ల మీద నుంచి చూపు తిప్పకుండా చేయమంటారు. పని చేయడం రెండు రోజుల్లో వస్తుంది. మిగతా రెండూ రావడానికే కోర్సు.

కోర్సు ఎంచుకోవడం

డైవింగ్ శిక్షణ సంస్థ పాడి (PADI) నడిపే టెక్ 40 అనే టెక్నికల్ కోర్సులో చేరాలంటే కనీసం 30 డైవ్‌లు లాగ్‌బుక్‌లో ఉండాలి. వాటిలో 10 డైవ్‌లు నైట్రాక్స్‌తో (మామూలు గాలికంటే ఆక్సిజన్ ఎక్కువ ఉన్న గ్యాస్), 18 మీటర్లు దాటి చేసినవి కావాలి. టీడీఐ అనే ఇంకో సంస్థ నడిపే ఇంట్రో టు టెక్ కోర్సుకు 25 డైవ్‌లు అడుగుతారు. 1998లో జారడ్ జబ్లాన్‌స్కీ మొదలుపెట్టిన జీయూఈ సంస్థలో ఫండమెంటల్స్ అనే కోర్సు ఉంది. ఉత్తర ఫ్లోరిడాలోని నీటి గుహల్లో పెరిగిన పద్ధతి వీళ్లది. ఈ కోర్సులో మిమ్మల్ని లోతుకు తీసుకెళ్లరు. తక్కువ లోతులోనే నీళ్లలో స్థిరంగా ఉండటం, జట్టుగా కదలడం మొదటి నుంచి నేర్పుతారు.

నన్నడిగితే ఏ సంస్థ కార్డు (కోర్సు పాసైనట్టు ఇచ్చే గుర్తింపు) కావాలన్నా ముందు ఇలాంటి పునాది కోర్సు చేయమంటాను. 45 మీటర్లకు వెళ్లొచ్చామని చెప్పుకోవడం బాగానే ఉంటుంది. కానీ 6 మీటర్ల దగ్గర ఐదు నిమిషాలు కదలకుండా ఆగలేనివాళ్లకు ఆ లోతుతో పనిలేదు.

డబ్బు కట్టకముందే ఇన్‌స్ట్రక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడండి. సొంతంగా టెక్నికల్ డైవ్‌లు చేస్తుంటారా, క్లాసుల్లోనే చేస్తారా? ఒక్కరి కింద ఎంతమందిని తీసుకుంటారు? ముగ్గురు దాటితే ఇంకో చోటు చూసుకోండి. చివరగా, ఇప్పటిదాకా ఎవరినైనా ఫెయిల్ చేశారా అని అడగండి. "మా దగ్గర అందరూ పాస్ అవుతారు" అనే జవాబు వస్తే ఆ కోర్సు వదిలేయండి. ఫీజులో సిలిండర్లు, గ్యాస్, పడవ కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. డబుల్ సిలిండర్ల అద్దె విడిగా వేస్తే లెక్క చాలా మారిపోతుంది.

జట్టు కట్టడం

ముగ్గురైతే మేలు. ఇద్దరు ఒక పనిలో ఉంటే మూడో మనిషి చూస్తూ ఉంటాడు. ఇద్దరైనా నడుస్తుంది. నలుగురైతే నీళ్లలో ఒకరినొకరు వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

మన దగ్గర జట్లలో ఒక చిక్కు ఉంది. ముగ్గురిలో ఒకరు అన్న అవుతాడు, లేదా ఆఫీసులో సార్, లేదా బావ. తమ్ముడికి ఏదో తేడాగా అనిపిస్తుంది, అన్న ముందుకు పోతూనే ఉంటాడు, ఆయన్ని ఆపమనడానికి నోరు రాదు. నీళ్లలో ఈ మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది. టెక్నికల్ డైవింగ్‌లో మొట్టమొదటి నియమం ఇదే: ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా బొటనవేలు పైకి చూపిస్తే డైవ్ అయిపోయినట్టు. మిగతావాళ్లు కూడా బొటనవేలు చూపించి బయల్దేరాలి. ఎందుకని నీళ్లలో అడగకూడదు. పైకి వచ్చాక "ఏందిరా, అప్పుడే భయపడ్డవా" అనకూడదు. ఆ ఒక్క మాట అన్నారంటే తర్వాతి డైవ్‌లో అతను చెయ్యి ఎత్తడు.

మీ జట్టుకు ఇది చేతనవునో కాదో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. లక్నవరం పోదామని అంతా సిద్ధమయ్యాక ఒకరు "ఇవాళ వద్దు" అంటే మిగతా ఇద్దరూ ఏం చేస్తారో చూడండి. బతిమాలి, వెక్కిరించి లాక్కుపోయే జట్టయితే ఆ అలవాటు ముందు మానుకోవాలి. మీ ఇంట్లో సింగరేణి మైన్స్ రెస్క్యూలో పనిచేసిన పెద్దలుంటే వాళ్లతో ఒక సాయంత్రం కూర్చోండి. ఊపిరి యంత్రం తగిలించుకుని గనిలోకి దిగే జట్టులో ఒకరికి ఇబ్బంది వస్తే జట్టంతా వెనక్కి తిరగాలి. ఆ క్రమశిక్షణ గురించి నాకంటే వాళ్లే బాగా చెబుతారు.

ఇంటి దగ్గర సాధన

కోర్సుకు రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టండి.

ఈత: ఆగకుండా 400 మీటర్లు 14 నిమిషాల్లోపు ఈదగలిగితే ఈత పరీక్ష గురించి టెన్షన్ అక్కర్లేదు. ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఈదే సాధన మాత్రం ఒంటరిగా వద్దు. గబగబా లోతైన ఊపిరులు తీసుకుని మునగడం అసలే వద్దు. ఊపిరి తీసుకోవాలన్న కోరిక పుట్టకముందే స్పృహ తప్పుతుంది, గట్టు మీద ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు.

భుజాలు: వీపు మీద రెండు సిలిండర్లు ఉంటాయి, వాటి వాల్వ్‌లు మీ తల వెనక ఉంటాయి. చెయ్యి వెనక్కి పెట్టి వాటిని మీరే తిప్పాలి. కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవాళ్లలో చాలామందికి మొదటి రోజు చెయ్యే అందదు. తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని, చేతులు చాపి, తల మీదుగా వెనక్కీ ముందుకూ తిప్పండి. రోజూ చేస్తే నెలలోపే తేడా తెలుస్తుంది. నడుముకు, తొడలకు కూడా బలం కావాలి. డబుల్ సిలిండర్ల సెట్టు మొత్తం 40 కిలోల దాకా తూగుతుంది. దాన్ని వేసుకుని ఊగే పడవ మీద నిలబడాలి.

ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) కొట్టడం: మంచం మీద బోర్లా పడుకోండి. తొడలు మంచానికి ఆనాలి, మోకాళ్లు వంచి అరికాళ్లు పైకప్పు వైపు ఉండాలి. అక్కడి నుంచి పాదాలు రెండూ బయటికి తిప్పి, వెడల్పుగా చాపి, అరికాళ్లతో నీటిని వెనక్కి నెట్టినట్టు దగ్గరికి తెచ్చి, ఒక్క క్షణం ఆగాలి. ఇది ఫ్రాగ్ కిక్. ఆ ఆగడం మరిచిపోతారు అందరూ. జట్టులో ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. మీ మోకాళ్లు కిందికి జారుతున్నాయంటే మీరు నమ్మరు, వీడియో చూస్తేనే నమ్ముతారు.

చేతి సైగలు: ఒకటి నుంచి ఐదు దాకా వేళ్లు నిలువుగా, ఆరు నుంచి తొమ్మిది దాకా అడ్డంగా, ఒకే చేత్తో. వేళ్ల గణుపుల మీద లెక్కపెట్టే మన అలవాటు అక్కడ పనికిరాదు. భోజనం దగ్గర, టీవీ ముందు, ఎక్కడైనా సైగలతో అంకెలు అడగండి. ఓకే, ఆగు, డైవ్ ముగించు అనే సైగలకు అదే సైగతో బదులివ్వాలి. తల ఊపితే లెక్కలోకి రాదు.

తాడు: గుహల దాకా పోవాలనుకునే జట్లకు ఇది. హనుమకొండ చుట్టుపక్కల మామిడి తోట ఏదైనా చూసుకుని, చెట్టు నుంచి చెట్టుకు నడుము ఎత్తులో సన్నని నైలాన్ తాడు కట్టండి. కళ్లు మూసుకుని, బొటనవేలు, చూపుడువేలు కలిపి తాడు చుట్టూ ఉంగరంలా పెట్టి నడవాలి. వెనకవాళ్లు ముందువాళ్ల చెయ్యి పట్టుకోవాలి. ముందుకు నెడితే కదలాలి, గట్టిగా పిండితే ఆగాలి. తోట కాపలాదారుకు ముందే చెప్పండి, లేకపోతే ఏదో తవ్వకాలకు వచ్చారనుకుంటాడు.

చేయకూడనివి రెండున్నాయి. మన వ్యవసాయ బావుల్లో, కరీంనగర్ వైపు నీళ్లు నిండిన గ్రానైట్ క్వారీల్లో ఇన్‌స్ట్రక్టర్ లేకుండా సిలిండర్‌తో దిగకండి. అడుగున ఏమీ కనబడదు, మోటారు పైపులు, తీగలు చుట్టుకుంటాయి, పైకి లాగేవాళ్లకు మీరెక్కడున్నారో తెలియదు. రెండోది, టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో సిలిండర్ నింపించడం. ఆ గాలిలో నూనె ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. 30 మీటర్ల దగ్గర పీడనం నాలుగు రెట్లు, కాబట్టి విషం కూడా నాలుగు రెట్ల బలంతో పనిచేస్తుంది.

ప్రయాణం, డాక్టర్, తిరుగు టికెట్

మెడికల్ ఫారం ముందే తెప్పించుకుని నిజాలు రాయండి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం లేకుండా వెళ్లవద్దు. డైవింగ్ ప్రమాదాలకు వర్తించే ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి. మామూలు హెల్త్ పాలసీలో సాహస క్రీడలకు మినహాయింపు ఉందేమో చూసుకోండి.

చెన్నైకి వరంగల్ నుంచి తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ ఉన్నాయి. అక్కడి నుంచి పుదుచ్చేరికి రోడ్డు, అండమాన్‌కు విమానం. వానాకాలంలో అండమాన్ పెట్టుకోకండి.

తిరుగు ప్రయాణం మాత్రం జాగ్రత్తగా వేసుకోవాలి. డైవ్‌ల తర్వాత ఎత్తుకు వెళ్తే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలవుతుంది. మామూలు డైవ్‌లు రోజుల తరబడి చేస్తే 18 గంటలు, డీకంప్రెషన్ డైవ్‌లైతే కనీసం 24 గంటలు ఆగి విమానం ఎక్కండి. రోడ్డు ప్రయాణమైతే పరవాలేదనుకుంటారు. కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్‌లో డైవ్ చేసి అదే సాయంత్రం కారులో ఇంటికి బయల్దేరితే పడమటి కనుమలు ఎక్కాలి. హుబ్బళ్లి 600 మీటర్ల ఎత్తు పైనే ఉంది. అక్కడా విమానానికి పాటించే గడువే పాటించండి.

మొదటి రోజు: ఏమీ చేయకుండా ఉండటం

నీళ్లలో మొదట అడిగేది ఇదే. బల్ల మీద బోర్లా పడుకున్నట్టు అడ్డంగా, మోకాళ్లు వంచి, తల ఎత్తి, చేతులు ముందుకు పెట్టి, ఒకే లోతులో కదలకుండా ఉండాలి. చేతులు ఆడించకూడదు, ఫిన్స్ కదపకూడదు. చాలామందికి కాళ్లు కిందికి జారతాయి. జారుతున్నాయని తెలియక పైకి ఉండటానికి ఫిన్స్ కొడుతూనే ఉంటారు. కొట్టడం ఆపగానే మునిగిపోతారు. దానికి కారణం బరువులు ఉన్నచోటు కావచ్చు, మెడ వంచడం కావచ్చు, పిరుదులు బిగించకపోవడం కావచ్చు. ఇన్‌స్ట్రక్టర్ ఒక్కొక్కటే మార్చి చూస్తారు. ఓపిక పట్టండి.

ఒకే లోతులో ఆగడం ఊపిరితిత్తులతో జరగాలి, వింగ్ (వీపు మీద ఉండే గాలి సంచి) నింపే బటన్‌తో కాదు. లోపలికి తీసుకున్న ఊపిరికి ఒళ్లు పైకి తేలే తీరు మారుతుంది, కానీ ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా. ఆ ఆలస్యం అర్థం కాక కొత్తవాళ్లు వింగ్‌లో గాలి నింపుతారు, వదులుతారు, మళ్లీ నింపుతారు. తక్కువ లోతులోనే ఇది కష్టం. ఉపరితలం నుంచి 10 మీటర్లకు పీడనం రెట్టింపవుతుంది. 30 నుంచి 40కి వెళ్తే పెరిగేది నాలుగో వంతే. అందుకే 6 మీటర్ల దగ్గర చిన్న తేడా వచ్చినా పైకి తేలిపోతారు. డీకంప్రెషన్ కోసం ఎక్కువ సేపు ఆగాల్సింది కూడా అక్కడే.

అసలు నైపుణ్యాలు

రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే పరికరం) తీసి పెట్టుకోవడం, రెండో రెగ్యులేటర్‌కు మారడం, లాంగ్ హోస్ (రెగ్యులేటర్ పొడవాటి గొట్టం) చాపి చూపడం, మాస్క్‌లోకి నీళ్లు వదిలి ఊది పంపడం, మాస్క్ పూర్తిగా తీసి పెట్టుకోవడం. ఇవన్నీ మీకు ఓపెన్ వాటర్ అనే మొదటి స్కూబా కోర్సులో ఏదో రూపంలో వచ్చే ఉంటాయి. అప్పుడు అడుగున మోకాళ్ల మీద కూర్చుని చేశారు. ఇప్పుడు నీళ్ల మధ్యలో వేలాడుతూ, లోతు మారకుండా చేయాలి. ఒక పద్ధతి చెబుతాను. ప్రతి పనికి ముందు ఒక పూర్తి ఊపిరి తీసుకుని వదలండి. పని మధ్యలో జట్టు వైపు ఒకసారి చూడండి. తొందరపడితే ఊపిరి పైపైన ఆగిపోతుంది, ఒళ్లు లేస్తుంది, దాన్ని సరిచేసుకునే లోపు పని పాడవుతుంది.

మాస్క్ తీసినప్పుడు కనబడదు కాబట్టి లోతు తెలియదు. అప్పుడు జట్టులో ఒకరు దగ్గరికి వచ్చి భుజమో చెయ్యో పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి. "నాకు సాయం అక్కర్లేదు" అని విదిలించుకునేవాళ్లకు ఇన్‌స్ట్రక్టర్ మార్కులు తగ్గిస్తారు, న్యాయంగానే.

గ్యాస్ పంచుకోవడం మీద ఎక్కువ సమయం పెట్టండి. గ్యాస్ అయిపోయినవారు అరచేతిని గొంతు దగ్గర అడ్డంగా ఆడిస్తారు. ఇచ్చేవారు తన నోట్లో ఉన్న రెగ్యులేటరే తీసి ఇస్తారు. విడిగా ఉన్నది ఇవ్వకుండా నోట్లోది ఎందుకిస్తారంటే, అది పనిచేస్తోందని, ఆ లోతుకు సరైన గ్యాసే వస్తోందని ఆ క్షణానికి ఖాయంగా తెలిసింది దాని గురించే. దాని గొట్టం సుమారు రెండు మీటర్ల పొడవు. ఒంటి చుట్టూ తిప్పి మెడ వెనక నుంచి వస్తుంది. ఇచ్చేవారు తల వంచి గొట్టాన్ని మెడ మీదుగా తప్పించి, మెడకు రబ్బరు తాడుతో వేలాడే రెండో రెగ్యులేటర్‌ను నోట్లో పెట్టుకుంటారు. తర్వాత ఇద్దరూ ఓకే చెప్పుకోవాలి. గొట్టం మెలిపడలేదని చూసుకోవాలి. అప్పుడు గానీ పైకి బయల్దేరకూడదు. మూడో మనిషి ఊరికే చూస్తూ ఉండడు. లోతు, సమయం చెబుతాడు, స్పూల్ (తాడు చుట్టిన కండె) తీసి పైన కనబడేలా బెలూన్ వదులుతాడు.

కోర్సులో ఇది ముందే చెప్పి చేయిస్తారు, తర్వాత చెప్పకుండా చేయిస్తారు. మీరు స్పూల్‌తో కుస్తీ పడుతున్నప్పుడే పక్కవారు గొంతు దగ్గర చెయ్యి ఆడిస్తారు. ఆ సైగ మీకు కనబడాలంటే మీరు స్పూల్‌ను మొహం ముందు పట్టుకుని, దాని పక్కగా జట్టును చూస్తూ ఉండాలి. కిందికి చూసే అలవాటు ఇక్కడ బయటపడుతుంది.

వాల్వ్ డ్రిల్ డబుల్ సిలిండర్లతో మొదలవుతుంది. కుడి వాల్వ్ మూసి, నోట్లో గ్యాస్ ఆగిపోయేదాకా పీల్చి, మెడ దగ్గరి రెగ్యులేటర్‌కు మారి, మళ్లీ కుడి వాల్వ్ తెరవాలి. తర్వాత మధ్యలో రెండు సిలిండర్లనూ కలిపే ఐసొలేటర్ వాల్వ్, చివరికి ఎడమ వాల్వ్. అయిపోయాక అన్నీ పూర్తిగా తెరిచి ఉన్నాయని మళ్లీ తడిమి చూడాలి. ఎదురుగా జట్టులో ఒకరు మీకు గ్యాస్ ఇవ్వడానికి సిద్ధంగా ఉంటేనే చేయాలి. ఇంటి దగ్గర తువ్వాలుతో పడిన కష్టం ఇక్కడ తెలుస్తుంది.

కాగితం మీద లెక్క

ప్రతి డైవ్‌కు ముందు జట్టంతా కలిసి గ్యాస్ లెక్క వేయాలి. ఉదాహరణకు 30 మీటర్ల డైవ్. ఉపరితలం మీద ఒకరికి నిమిషానికి 20 లీటర్లు కావాలనుకుందాం. ఒకరి గ్యాస్ పూర్తిగా పోయిందనుకుని, ఇద్దరూ ఒక సిలిండర్ మీద పైకి రావాలి. 30 నుంచి పైదాకా సగటు పీడనం 2.5 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఉపరితలం మీద ఉండే గాలి పీడనం). సర్దుకోవడానికి ఒక నిమిషం, పైకి రావడానికి 5 నిమిషాలు. ఇద్దరు, 20 లీటర్లు, 2.5, 6 నిమిషాలు గుణిస్తే 600 లీటర్లు. 11 లీటర్ల సిలిండర్‌లో అది దాదాపు 55 బార్, 60 అనుకోండి. గేజ్ 60 చూపించగానే డైవ్ అయిపోయినట్టే, ఎంత బాగున్నా సరే. గాభరాలో ఊపిరి పెరుగుతుంది. 20 బదులు 30 వేసి చూస్తే 900 లీటర్లు, అంటే దాదాపు 82 బార్, 90 అనుకోండి. కొత్త జట్టయితే నేను ఈ రెండో లెక్కే తీసుకోమంటాను. ఒక్కరు లెక్క వేసి మిగతావాళ్లు తల ఊపడం వద్దు, ముగ్గురూ విడివిడిగా వేసి సరిచూసుకోండి.

తర్వాతి కోర్సుల్లో డీకంప్రెషన్ గ్యాస్‌లు వస్తాయి. 50 శాతం ఆక్సిజన్ ఉన్న సిలిండర్ 21 మీటర్ల దగ్గర మేలు చేస్తుంది. అదే 40 మీటర్ల దగ్గర నోట్లో పెట్టుకుంటే ఆక్సిజన్ పీడనం 2.5 బార్ అవుతుంది. మూర్ఛ వచ్చి రెగ్యులేటర్ నోటి నుంచి జారిపోవచ్చు. అందుకే సిలిండర్ మీద రాసిన లోతు మీరు చదివి, పక్కవారికి చూపించి, వారు సరేనన్నాకే గ్యాస్ మార్చాలి. ఇదంతా పునాది కోర్సులో నేర్చుకున్న జట్టు అలవాట్ల మీదే నిలబడుతుంది.

సాయంత్రం వీడియో

డైవ్‌లన్నీ వీడియో తీసి సాయంత్రం చూపిస్తారు. మీరు నిశ్చలంగా ఉన్నాననుకున్న చోట కాళ్లు సైకిల్ తొక్కుతూ కనబడతాయి. నవ్వండి, పరవాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరు ముందు తన తప్పు చెప్పాలి, తర్వాత జట్టు తప్పు, ఆఖరున పక్కవారిది. ఈ వరస మారితే గొడవలవుతాయి. పెద్దవారి తప్పు చెప్పడానికి జంకితే "అన్నా, వాల్వ్ డ్రిల్‌లో నువ్వు నా వైపు చూడలేదు" అన్నంత సూటిగా, జరిగింది జరిగినట్టు చెప్పండి. "నీకు రాదు" అనే మాట వద్దు. రాత్రి మందు పార్టీలు కోర్సు అయ్యాక పెట్టుకోండి. తెల్లారి నీరసంతో దిగేవాళ్ల వల్ల ముగ్గురికీ ఆ రోజు పోతుంది.

ఫలితం వచ్చాక

జీయూఈ లాంటి చోట్ల పాస్, ఫెయిల్ మధ్యలో ప్రొవిజనల్ అని ఇంకొకటి ఉంది. కొన్ని విషయాలు సాధన చేసి గడువులోపు మళ్లీ చూపించమని దాని అర్థం. అదే వస్తే ఇంటికి రాకముందే తర్వాతి ప్రయాణం తేదీ అనుకోండి. ఈలోపు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ పోయి, అక్కడి డైవ్ సెంటర్ వాళ్లతో మాట్లాడుకుని రెండు రోజులు సాధన చేసినా చాలా నయం. మంచం మీద ఫ్రాగ్ కిక్, తువ్వాలు, సైగలు మానకండి.

ముగ్గురిలో ఇద్దరు పాస్ అయి ఒకరు కాకపోతే ఏం చేయాలన్నది కోర్సుకు ముందే మాట్లాడుకోండి. కలిసి దిగిన రోజు ఆ ఒకరి కార్డు అనుమతించే లోతే ముగ్గురికీ హద్దు. పాస్ అయిన ఇద్దరూ విడిగా లోతుకు వెళ్లాలనుకుంటే ఇద్దరి జట్టుగా గ్యాస్ లెక్కలు, బాధ్యతలు మళ్లీ మొదటి నుంచి వేసుకుని, మూడో మనిషికి చెప్పి వెళ్లాలి.